పన్నెండో చప్పుడు

సీటీ ఊదగానే క్వారీలో ఉన్నవాళ్లంతా బండల చాటుకు ఉరికారు.

గుట్టకు పన్నెండు బొక్కలు వేసి, మందు కూరి, వత్తులు అంటించారు. ఇక పన్నెండు చప్పుళ్లు లెక్కపెట్టాలి. ఒక్కటి తగ్గినా ఎవరూ లోపలికి పోకూడదు.

ఆ లెక్క మేస్త్రీ శంకరయ్యది.

"లాభం... రెండు... మూడు..."

వడ్లు కొలిచే ఇంట్లో పుట్టినవాడు. ఒకటి అనడు, లాభం అంటాడు. పని దగ్గర ఏడు అన్నమాట అసలే నోట రానీయడు, ఆరున్నొకటి అంటాడు. చప్పుళ్లు దగ్గరదగ్గరగా పడ్డ రోజు ఆ పొడుగు మాట పూర్తయ్యేలోపే తర్వాతి చప్పుడు దాటిపోయేది.

"పదకొండు," అన్నాడు ఆ రోజు. "ఆరున్నొకటి కాడ ఒకటి మింగిన. కలుపుకుంటే పన్నెండు. పోండ్రి!"

"జర ఆగుండ్రి, దుమ్ము అణుగనీయుండ్రి," అంటూ నీళ్ల కరీం బిందె భుజానికెత్తుకుని అందరికంటే ముందు నడిచాడు. ఎప్పుడూ అంతే.

ఇబ్రహీంపట్నం గుట్టల్ని కంకర చేసి హైదరాబాద్‌లో మేడలు లేపుతున్న రోజులవి. ఎన్ని లారీలు పోయినా చాలేది కాదు. అయినా క్వారీ తెరిచిన ఎనిమిదేళ్లలో ఒక్క ప్రాణం పోలేదు.

ఆ పేరంతా శంకరయ్యదే. మీసం మీద చెయ్యి వేయని రోజు లేదు.

అలాంటివాడి కడుపులో మంట పెట్టింది కరీమే.

క్వారీకి కొత్త కూలీలు వచ్చారు. కొందరిది ఒడిశా, కొందరిది బీదర్. వాళ్లకు లాభమూ తెలియదు, ఆరున్నొకటీ తెలియదు. కరీం వాళ్ల కోసం కూర్చుని కొత్త అంకెలు పుట్టించాడు.

"కిట్, బొం, తల్, జుమ్, పీ, రో, ధక్, సూ, నిల్, గోర్, టిక్, హై."

ఏ భాషవీ కావు. ఒక్కో చప్పుడుకు ఒక్కో చిన్న మాట. నెల తిరక్కుండానే బండల చాటు నుంచి ముప్పై గొంతులు ఒక్కటిగా అనడం మొదలుపెట్టాయి.

ఓనరు దయాకర్ విని నవ్వాడు. "భలేగున్నయి చాచా! ఒక్కటి గుడ తప్పిపోదు. మేస్త్రీ, నువ్వు గుడ నేర్చుకో."

శంకరయ్య తల కొట్టేసినట్టయింది.

ఇంటికి పోతే మనవరాలు చింతగింజలు లెక్కపెడుతోంది. "కిట్, బొం, తల్..."

"నా లెక్క నా ఇంట్ల గుడ చెల్లదా?" అని గింజలన్నీ వాకిట్లోకి విసిరికొట్టాడు.

ఆ రాత్రి అన్నం సయించలేదు. నీళ్లు మోసేవాడు తనకు లెక్క నేర్పడమా? మర్నాడే దయాకర్ చెవిలో వేశాడు.

"ట్యాంకర్ పెట్టుకుందాం సేటూ. గా ముసలోడు ఇంకెందుకు?"

దయాకర్ తలూపాడు. సాయంత్రం శంకరయ్యే కరీంను పిలిచాడు. "రేపటికెల్లి రాకు."

కరీం బిందె కింద పెట్టాడు. "మంచిది మేస్త్రీ. లెక్క నీదే. ఒక్కటి తక్కువొచ్చిన దినం మాత్రం కలుపకు. జర నీళ్లు పోయించు."

"నా లెక్కకే వంక పెడ్తవా? నడువ్!"

మరునాడు శంకరయ్య అందరి నోళ్లూ మూయించాడు. "ఇయ్యాల నేనొక్కన్నే లెక్కపెడ్త."

వత్తులు అంటుకున్నాయి.

"లాభం... రెండు... మూడు..."

గుట్ట దద్దరిల్లింది. లెక్క పదకొండు దగ్గర ఆగింది. శంకరయ్య కాసేపు చెవి ఒగ్గాడు. ముప్పై జతల కళ్లు తననే చూస్తున్నాయి.

"ఒకటి మింగిన. కలుపుకుంటే పన్నెండు. పోండ్రి!"

డ్రిల్లింగ్ చేసే రమేశ్ ముందు లేచాడు.

"ఆగుండ్రి! హై పడలే, పన్నెండోది పడలే! ఆగు బేటా!"

గేటు వైపు నుంచి కరీం. రావద్దన్నా వచ్చి, బయట నిలబడి చప్పుళ్లు లెక్కపెట్టాడు. నీడన బోర్లించి ఉన్న బిందెను తొట్టిలో ముంచి పరుగెత్తుకొస్తున్నాడు.

శంకరయ్యకు ఒళ్లు మండిపోయింది. "పదిమందిల నా పరువు తీయనీకె వచ్చినవా?" అని భుజం మీది తువ్వాలు పట్టుకుని గుంజాడు.

తువ్వాలు చేతికొచ్చింది. మనిషి ఆగలేదు.

కరీం రమేశ్‌ను దాటాడు, వెనక్కి ఒక్క తోపు తోశాడు, పేలకుండా మిగిలిన బొక్క దగ్గర వంగి బిందె వంచాడు.

అప్పుడు పడింది, పన్నెండో చప్పుడు.

దుమ్ము అణగడానికి చాలాసేపు పట్టింది. రమేశ్ లేచి కూర్చున్నాడు. కరీం లేవలేదు.

శంకరయ్య చేతిలో ఇంకా ఆ తువ్వాలే ఉంది. "పిచ్చోడా ఏంది? దుమ్ము అణుగనీకె పాణం ఇస్తరా ఎవలన్న?"

కరీం వెంట రోజూ నీళ్లు మోసే రుక్మాబాయి ఏడుస్తూనే చెప్పింది.

"దుమ్ముకు కాదు మేస్త్రీ. పేలని బొక్కల లోపల్లోపల నిప్పు ఉంటది. దాన్ని సల్లార్పనీకె ముందు పోయేటోడు. ఇన్నేండ్లు నువ్వు మింగిన అనుకొని కలిపిన ఒకట్లల్ల అయిదు అసలు పేలనే లేదు."

"మరి... నాకెందుకు చెప్పలే?"

"నేను చెప్తనన్న. మేస్త్రీ పేరు పోతది, వద్దని నాతోని ఒట్టేయించుకుండు."

శంకరయ్య ఇన్నాళ్లూ కుళ్లుకున్నది, ఎనిమిదేళ్లుగా తన పేరును ఆ బిందెలో మోసినవాడి మీద.