ఇరవై గ్రాములు

ఎలక్ట్రానిక్స్ కొట్టు బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టిన రోబో బండికి బ్యాటరీ తగిలించగానే నాలుగు చక్రాలూ గిర్రున తిరిగాయి.

"చూశారా! నాలుగూ కలిపి అర ఆంపియర్ కరెంటు కూడా తాగడం లేదు," అంటూ పోస్టాఫీసు గుమాస్తా మీటరును కొట్టతని ముక్కు దాకా తోశాడు.

ఆ మురిపెం అతనికి ఊరికే రాలేదు. ఆరు నెలలుగా ఇంట్లో భోజనాల బల్లంతా ఆ బండిదే. మొగుడూ పెళ్ళాలిద్దరూ కంచాలు ఒళ్ళో పెట్టుకుని తింటున్నారు.

తెల్లవారితే రోబో బండ్ల పోటీ. గెలిచినవాళ్ళకు పోటీ పెట్టే క్లబ్బువాళ్ళు ఏడాది పాటు ఒక గదీ, పని చేసుకోవడానికి పెద్ద బల్లా ఇస్తారు. గుమాస్తా ఇప్పటికి రెండుసార్లు ఓడిపోయాడు.

"గెలిస్తే మీ సరంజామాతో ఆ గదికి పొండి. ఓడితే బండి అటకెక్కుతుంది, నా బల్ల నాకొస్తుంది," అని భార్య తేల్చి చెప్పేసింది.

ఇక కొనాల్సింది మోటార్ డ్రైవర్ ఒక్కటే. పేరు చూసి స్టీరింగు పట్టే మనిషి అనుకునేరు. అరచేతిలో ఇమిడే చిన్న పలక అది. బండి మెదడు చెప్పిన మాట విని మోటార్లకు కరెంటు వడ్డిస్తుంది.

"రేపు పోటీలో నా బండి దూసుకుపోవాలి. ఒక్క ఆంపియర్‌ది ఇవ్వండి, చాలు," అన్నాడు గుమాస్తా. కొట్టతను చిన్న పలకొకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ చక్రాన్ని ఒకసారి వేలితో ఆపి చూడు బాబూ," అని పక్కనుంచి ఓ గొంతు వినిపించింది.

తల తిప్పాడు. అరవయ్యేళ్ళ పెద్దావిడ, చేతిలో గుడ్డసంచి. ఫ్యాన్ బాగుచేయించుకోవడానికి వచ్చి ఉంటుందనుకున్నాడు.

"ఆపడమెందుకమ్మా? పరిగెత్తడానికేగా దీన్ని చేసింది."

"గాల్లో ఎవరి చక్రాలైనా తిరుగుతాయి. అడ్డం తగిలి ఆగిపోయిందనుకో, అప్పుడు తెలుస్తుంది మోటార్ ఆకలి. నాలుగింతలు లాగేస్తుంది. ఈ చిన్నది తట్టుకోలేదు."

"ఇది ఫ్యాను కాదమ్మా," అని గుమాస్తా నవ్వాడు.

ఆవిడా నవ్వేసింది. "ఏదైతేనేం, మోటార్ మోటారేగా! అదిగో, ఆ అరలో ఉన్న పెద్దది తీసుకో. మూడు ఆంపియర్లది."

కొట్టతను నసిగాడు. "అమ్మా, అది..."

"ముందు ఈ అబ్బాయికి చూపించవయ్యా."

వీపు మీద వేడి చల్లార్చే అల్యూమినియం రెక్కలున్న పలక బల్ల మీదికొచ్చింది. గుమాస్తా జేబులోంచి బుల్లి త్రాసు తీశాడు. పొద్దస్తమానం ఉత్తరాలు తూచే చెయ్యి, ఊరుకుంటుందా!

"అమ్మో, ఇరవై గ్రాములెక్కువ!"

పదిహేను గ్రాములు తగ్గించడం కోసం బండి అడుగుపలకను జల్లెడలా తూట్లు పొడిచిన మనిషి అతను. బోల్టుల తోకలు కూడా కోసేశాడు.

"వద్దమ్మా. పెద్దవారు, నా మంచికే చెప్పారు. కానీ నా లెక్క నాకుంది."

"పోనీ, ఒక్కసారి వేలు పెట్టి..."

ఆవిడ మాట పూర్తికాకముందే చిన్న డ్రైవర్ జేబులో వేసుకుని గడప దాటేశాడు. ఉచిత సలహాలకు ఏనాడూ కరువు లేదు అనుకున్నాడు.

మర్నాడు పోటీ హాలు జనంతో కిటకిటలాడింది. ముందు నున్నటి నేల, తర్వాత మందపాటి తివాచీ, చివర చెక్క ఏటవాలు.

గుమాస్తా బండి బాణంలా దూసుకుపోయింది. బల్ల కోసం వచ్చిన భార్య ఆ సంగతే మరిచిపోయి చప్పట్లు కొట్టింది.

తివాచీ అంచుకు ముందు చక్రాలు కొట్టుకున్నాయి. బండి ఆగింది. మోటార్లు మూలిగాయి.

గుమాస్తా రిమోటు మీట ఇంకా గట్టిగా నొక్కాడు. గట్టిగా నొక్కితే కరెంటు భయపడి పరిగెత్తుతుందన్నట్టు!

"ఏవండీ, ఏదో మాడుతోంది," అంది భార్య. "ఈసారి వంట నాది కాదు."

సన్నటి పొగ లేచింది. హాలంతా గొల్లున నవ్వింది. గుమాస్తా కూడా నవ్వాడు కానీ, ప్రాణం ఉసూరుమంది.

మాడిన బండితో ఓ మూల కూలబడ్డాడు. భార్య వచ్చి పక్కన కూర్చుంది.

"బల్ల మీద ఓ మూల మీకుంచుతాలెండి. కంచానికి తగలకుండా చేసుకోండి."

ఆ మాటకు కాస్త ఊపిరొచ్చింది. మోటార్లను తిన్నగా బ్యాటరీకే తగిలించి, చక్రాలు తిరగకుండా చేతులతో అదిమిపట్టాడు. మీటరు రెండు ఆంపియర్లు దాటేసింది.

పెద్దావిడ చెప్పింది అక్షరాలా నిజం. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి. ఆ క్షణంలోనే హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

ఓ లావుపాటి బండి తివాచీ దాటి, ఆగి, మూలిగి, తాపీగా ఏటవాలు పైకెక్కేసింది. గుమాస్తా దగ్గరికెళ్ళి చూశాడు. దాని వీపు మీద అల్యూమినియం రెక్కల పలక!

పోటీ చూడటానికి వచ్చిన కొట్టతను అక్కడే ఉన్నాడు.

"ఇది మీ కొట్లోదే కదూ? రేపొచ్చి నేనూ ఒకటి తీసుకుంటాను."

"ఇంకెక్కడిది సార్? ఉన్నదల్లా అదొక్కటే. పోటీ కోసం నెల ముందే చెప్పి తెప్పించుకున్నారు ఆవిడ. మీరు వద్దన్నాకే పట్టుకెళ్ళారు."

"ఎవరావిడ?" అని అడిగింది భార్య.

కొట్టతను గడ్డం ఎత్తి వేదిక వైపు చూపించాడు.

చేతిలో గుడ్డసంచితో గది తాళంచెవి అందుకుంటున్న ఆ పెద్దావిడ, తన గెలుపును ఎదుటివాడి చేతిలో పెట్టడానికే నిన్న అంతసేపు అతన్ని బతిమాలింది.