పచ్చచుక్క

కుక్కల మొరుగుడు నిషేధించాక విశాఖ ఫ్లాట్లలో ఇంటికో ఇగువానా బల్లి వచ్చింది. దాని గాజుపెట్టెలో వెచ్చదనానికి కరెంటు పలక వచ్చింది. పైడితల్లి పెంచుకునే బల్లికి ఆ పలక మీదే పొట్ట కాలింది.

కబురు పెడితే పలక కంపెనీ కుర్రాడు వచ్చి, పలక వేడి సరిగా ఉందో లేదో చెప్పే తన ఫోన్ చూపించాడు. "పచ్చచుక్క వెలుగుతోందమ్మా. పలక మంచిదే. మీ బల్లే కదలకుండా పడుకుంది."

పైడితల్లి దోసె వేసేముందు పెనం మీద చల్లినట్టే పలక మీద నీళ్లు చిలకరించింది. చుయ్‌మన్నాయి.

"పచ్చచుక్క అబద్ధం చెప్పదమ్మా."

"అయితే నీ అరచెయ్యి దీనిమీద ఎట్టు బాబూ. కదపకుండా ఉంచాల."

కుర్రాడు చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

పైడితల్లి ప్లగ్గు పీకేసి, బల్లిని భుజానికెత్తుకుని, నీళ్ల చెంబుతో పక్క ఫ్లాటు తలుపు కొట్టింది.