మోటారు మూలుగు

“తీసీసాను బావా,” అన్నాడు కార్తీక్, గుమ్మంలోంచే.

నాగవంశీ లాప్‌టాప్ మీంచి తలెత్తాడు. ఆదివారం తను రాసిన రివ్యూ చదివి మేనమామ కొడుకు పోట్లాటకి వస్తాడనే అనుకున్నాడు. జవాబులు కూడా సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. తీరా చూస్తే వాడు ఇంత మెత్తగా వచ్చాడు.

“లోపలికి రా. మంచి పని సేసావు. ఆ మోటారు మూలుగు లేకపోతే పాట బాగుంటాది. మళ్ళీ పెట్టు, నానే మళ్ళీ రాత్తాను.”

కార్తీక్ లోపలికొచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు.

నాగవంశీ ఉక్కు ఫ్యాక్టరీ స్టోర్స్‌లో గుమాస్తా. ఉద్యోగం పొట్ట కోసం. ప్రాణమంతా ‘జనం బీట్’ అనే తన వెబ్‌సైట్ మీద. కంప్యూటర్ మీద సంగీతం కట్టి, ‘ఎవరైనా వినండి, పంచుకోండి, మార్చుకోండి, మా పేరు మాత్రం చెప్పండి’ అని ఊరికే వదిలేసేవాళ్ళుంటారు. అలాంటి పాటల్ని వెతికి పట్టుకుని, నలుగురికీ వినిపించి, మంచిచెడ్డలు రాయడం అతని పని. అందులో అతనికో నియమం ఉంది. పాట కింద దాన్ని చేసినవాళ్ళు రాసుకున్న వివరాలు చచ్చినా చదవడు.

“అవి సదివితే చెవికి మొగమాటం వచ్చేత్తాది,” అంటాడు. ఈ మాట చుట్టాల పెళ్ళిళ్ళలో కూడా చెప్పుకునేవాడు. వాళ్ళు పాపం తలూపేవాళ్ళు.

కార్తీక్ ఫిషింగ్ హార్బర్‌లో ఐస్ ఫ్యాక్టరీ మెకానిక్. డ్యూటీ దిగాక పాత లాప్‌టాప్ ముందు కూర్చుని, నెలల తరబడి కుస్తీ పట్టి ఒక పాట చేశాడు. అదే మొదటిది.

“నీ సైట్లో నాలుగు ముక్కలు రాయి బావా. నీ కోసమే సేసాననుకో,” అన్నాడు. నాగవంశీకి ఆ మాట వింటే ముచ్చటేసింది. తన రివ్యూ అంటే కుర్రాళ్ళకి ఎంత గురి!

కానీ అతను ఆ పాట విన్న రోజే మంచిది కాదు. అమ్మ ఆదిలక్ష్మమ్మ పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆకుకూరల గంప నెత్తిన పెట్టుకుని గోపాలపట్నం వీధివీధీ తిరిగి కొడుకుని చదివించిన మనిషి ఆవిడ. ఆవిడ పంపిన వాయిస్ మెసేజ్‌లన్నీ ఉన్న ఫోన్ వానలో తడిసి పాడైపోయింది. అందులోవి ఇంక రావని రిపేరు షాపువాడు చెప్పేశాడు. ఆ సాయంత్రమే బస్సులో, కొత్త ఫోన్లో, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, తొందరగా అయిపోతుందని వేగం పెంచి మరీ విన్నాడు కార్తీక్ పాటని. ఇంటికి రాగానే రాసి పారేశాడు:

‘తాళం బాగుంది. కానీ తను పనిచేసే ఐస్ ఫ్యాక్టరీ మోటారు మూలుగుని సాగదీసి పాటంతా పులిమాడు. వింటుంటే తలనొప్పి. ఈ తుక్కుని గెంటేస్తే గాని పాట బాగుపడదు.’

చదివినవాళ్ళు ఒకటే నవ్వు. ‘మోటారు మూలుగు’ అనే మాట రెండ్రోజుల్లో ఊతపదమైపోయింది. నాగవంశీకి అమ్మ మెసేజ్‌లు పోయిన మంటలో అదొక్కటే కాస్త చల్లగా అనిపించింది.

“మళ్ళీ పెట్టడానికి లేదు బావా,” అన్నాడు కార్తీక్. “పాటే తీసీసాను. సైట్లోది, లాప్‌టాప్‌లోది, ఫోన్లో ఉన్న అసలు రికార్డింగు కూడా. అన్నీ సెరిపీసాను.”

“మెంటలేట్రా నీకు? ఒక్క మాటంటే అంత పౌరుషమా?”

“పౌరుషం కాదు. మనోళ్ళంటే నీకు సిగ్గని తెలిసిపోనాది. అంతమంది నవ్వుతంటే ఉంచబుద్ధి కాలేదు.”

నాగవంశీకి ఒళ్ళు మండింది. “సిగ్గేటి? సుట్టరికం సూసి పొగడమంటావేటి?”

“పొగడమన్లేదు. గెంటీమని నువ్వే రాసావు. నీకే అక్కర్లేంది నాకెందుకని...”

వాడి కళ్ళు ఎర్రబడటం చూసి నాగవంశీ తగ్గాడు. తప్పు చేశానా అని మొదటిసారి అనిపించింది. కుర్రాడి ఇన్ని నెలల కష్టం.

“సర్లే, ఎవుడో ఒకడు ఫోన్లోకి దింపుకునే ఉంటాడు. ఊరికే ఇచ్చిన పాట జనంలోకి ఎల్తే సావదు. నాను ఎతికిస్తాను.”

“ఒక్కడూ దింపుకోలేదు. నీ రివ్యూ సూసినాక ఎవుడు దింపుతాడు బావా?”

నీలిమ టీ గ్లాసులతో వచ్చింది. మొగుడి ముఖం, తమ్ముడి వరసైన కుర్రాడి ముఖం చూసి సర్దిచెప్పబోయింది.

“ఆరోజు మీ బావ మనసు మనసులో లేదు తమ్ముడూ. అత్తయ్య మెసేజ్‌లున్న ఫోను ఇంక బాగవదనీసారు. ఏడుసుకుంటా వచ్చి రాసినారు.”

గ్లాసు అందుకోబోయిన కార్తీక్ చెయ్యి ఆగిపోయింది. “ఒక్కటీ మిగల్లేదా అక్కా?”

“ఒక్క ముక్క లేదు.”

“ఇప్పుడా గోలెందుకే?” అని కసిరాడు నాగవంశీ, కళ్ళు తుడుచుకుంటూ.

కార్తీక్ నాగవంశీ వైపు తిరిగాడు. “బావా, పాట కింద నాను రాసింది నువ్వు సదవలేదా?”

“నాను సదవనని నీకు తెల్దేటి?”

“ఇదొక్కటీ సదువుతావనుకున్నాను. సదవకపోయినా ఇనగానే పోల్చుకుంటావనుకున్నాను.”

“ఏటి పోల్చుకునేది? మీ ఐస్ ఫ్యాక్టరీ మోటారునా?”

కార్తీక్ లేచి నిలబడ్డాడు.

“అది మోటారు కాదు బావా, అత్త గొంతు.”