తాళం సంగతి అడిగిన మనిషి

పొద్దున్నే కంప్యూటర్ గది తలుపు తీస్తూ, ఆసుపత్రి కంప్యూటర్ ఇన్‌ఛార్జి ఫోన్లో ఆ వార్త చదివాడు.

గడియకి కన్నం పడింది.

గడియ అంటే రోగుల ఫైళ్ళు బయటివాళ్ళ కంటపడకుండా తాళం వేసే ప్రోగ్రాం. ఓపెన్ సోర్స్. ఎవరో రాసి, ఎవరైనా చూసుకోండి, వాడుకోండి అని ఉచితంగా వదిలేశారు. ఈ ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి అదే.

అతనికి ఒళ్ళు మండింది. టెక్నాలజీ కబుర్లు చెప్పుకునే గ్రూపులో రాశాడు:

"ఊరికే వచ్చిందని వాడితే ఇంతే. రాసినవాళ్ళకి బాధ్యత ఉండదు, అడిగే దిక్కుండదు. అసలే మా స్కానింగ్ మిషన్లు ఏ కాలంనాటివో! వాటి ఫైళ్ళు పోతే ఎవడిది పూచీ?"

పది నిమిషాల్లో నలభై లైకులు.

'కొత్త విద్యార్థి' అనే పేరుతో ఒకరు జవాబిచ్చారు: "రెండు రోజులు ఓపిక పట్టండి. సరిచేస్తున్నారు."

"నీకెలా తెలుసు? వాళ్ళ చుట్టానివా?"

"చుట్టరికమే అనుకోండి."

"అయితే చేతకాకపోతే మానెయ్యమని చెప్పు మీ చుట్టాలకి."

ఈసారి జవాబు రావడానికి చాలాసేపు పట్టింది. అందులోనూ రెండు అక్షరాలు తప్పు. "పొరపాటు జరిగింది, నిజమే. కానీ కన్నం ఎక్కడుందో పదిమందికీ కనబడుతుంది కాబట్టే తొందరగా పూడ్చొచ్చు."

"ఆ పదిమందిలో దొంగ కూడా ఉంటాడు పండితా! ముందు తప్పుల్లేకుండా రాయడం నేర్చుకో."

గ్రూపంతా పకపకా నవ్వింది.

మధ్యాహ్నం అతనికి విడిగా ఒక మెసేజ్ వచ్చింది.

"మీ మిషన్లు పాతవన్నారు. వాటిలో ఉన్నది గడియ నాలుగో వెర్షనా, ఐదోదా? నాలుగైతే దాని సంగతి వేరే. దయచేసి చెప్పండి. — కొత్త విద్యార్థి."

రికార్డులు చూసే అక్క పక్క కుర్చీలోంచి తొంగిచూసింది. "పాపం, సాయం చేద్దామనే అడుగుతున్నట్టుంది కదా తమ్ముడూ."

"నీకు తెలీదక్కా. మీ ఇంటికి ఏ తాళం వేశారని అడిగేవాడు చుట్టమా, దొంగా?"

ఆ మెసేజ్‌ని ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు. పైన రెండే ముక్కలు: "దొంగ దొరికాడు."

ఇక చూస్కోండి. తలా ఒక రాయి వేశారు. సాయంత్రానికల్లా కొత్త విద్యార్థిని గ్రూపులోంచి గెంటేశారు. ఇన్‌ఛార్జి మీసం మెలేసుకుంటూ ఇంటికెళ్ళాడు.

చెప్పినట్టే రెండో రోజున దిద్దుబాటు వచ్చింది. కానీ ఐదో వెర్షనుకి మాత్రమే.

ఆసుపత్రిలో ఉన్నది నాలుగు.

మూడో రోజు పొద్దున, ఇంకా దిద్దుకోని ఏదో ఆసుపత్రిలో దొంగలు పడి ఫైళ్ళన్నీ తుడిచిపెట్టేశారని వార్త. సూపరింటెండెంట్ పిలిపించారు.

"మన సంగతేంటయ్యా?"

"చూస్తున్నాను సార్."

"రేడియేషన్ రోగుల డోసులన్నీ అందులోనే ఉన్నాయి. అవి పోతే ఎవరికి ఎంతివ్వాలో ఏ డాక్టరు చెప్పగలడు?"

అతను గదికి తిరిగొచ్చి, ఇన్నేళ్ళలో మొదటిసారి గడియ సొంత పేజీ తెరిచాడు.

నాలుగో వెర్షనుకి దిద్దుబాటు అరగంట కిందటే వచ్చి ఉంది. దాని కింద ఇలా రాసి ఉంది:

"నాలుగు ఇంకెవరూ వాడట్లేదనుకున్నాం. ఒక ఆసుపత్రిలో ఉందేమోనని అనుమానం వచ్చి అడిగాను. చెప్పలేదు. ముక్కూమొహం తెలియనివాళ్ళకి చెప్పకపోవడమే మంచిది. అందుకని ఉందనే అనుకుని చేశాను. — కొత్త విద్యార్థి."

ఆ కిందే జనం బారులు తీరారు. "ఈ దొంగ ఇచ్చిందా ఎక్కించుకునేది?" ప్రతి మాట పక్కనా ఇన్‌ఛార్జి తీసిన ఫొటోనే.

ఒకటికి మూడుసార్లు సరిచూసి దాన్ని ఎక్కించాడు. ఫైళ్ళన్నీ భద్రం. సూపరింటెండెంట్ వచ్చి భుజం తట్టారు. తట్టిన చోట కాలినట్టయింది.

"ఎవరు తమ్ముడూ ఆ పుణ్యాత్ముడు?" అంది అక్క.

అతను పేజీని కిందికి జరిపాడు.

పేజీ చివర ఒక ఫోన్ నంబరు ఉంది. వరండాలోకి వెళ్ళి చేశాడు.

"నమస్కారమండీ. గడియ చూసే సారున్నారా?"

"సారెవరూ లేరు బాబూ." ఎవరో పెద్దాయన గొంతు. "ఇంతకీ మీరెవరు?"

"ఆసుపత్రి నుంచండీ. నాలుగో వెర్షన్ ఉన్నది మా దగ్గరే. అది చేసినవాళ్ళకి క్షమాపణ చెప్పుకోవాలి."

"ముందు ఇది చెప్పండి, మీ ఫైళ్ళు బాగున్నాయా?"

"బాగున్నాయండీ."

"అమ్మయ్య. చెప్తాను, సంతోషిస్తుంది. ఇక గడియ జోలికి మాత్రం వెళ్ళదట. ఇందాకే వేరేవాళ్ళకి అప్పగించేసింది."

"అయ్యో, ఎందుకండీ?"

"దొంగ అనిపించుకున్న చేతుల్లో పిల్ల కష్టం ఉండకూడదంది."

"పిల్ల అంటే?"

"మా అమ్మాయండీ. గడియ రాసింది అదే. పోయి రెండేళ్ళయింది."

ఆ ఫొటో పెట్టింది నేనేనని చెప్పాలనుకున్నాడు.

"మరి... ఈ కొత్త విద్యార్థి?" అని మాత్రం అనగలిగాడు.

"చూసేవాళ్ళు లేక బిడ్డ రాసింది మూలపడుతుందేమోనని, అరవై దాటాక దాని నోటుపుస్తకాలు ముందేసుకుని, ఓనమాల నుంచి నేర్చుకుంది బాబూ, మా ఆవిడ."