మూడోసారి మసక

“ఇది రెండోసారి గట్టన్నా. నా వాటర్ పేపరంతా నీ బండికే అరుగుతున్నది,” అన్నాడు మహబూబ్, ఇండికా కారు హెడ్‌లైట్ల ముందు పీట వేసుకొని కూచుంటూ.

“నీ పని సక్కగ ఉంటె రెండోసారి ఎందుకొస్త?” అని గయ్యిమన్నాడు గట్టయ్య. “జల్ది కానియ్. నాలుగింటికి శివ వస్తడు.”

శివ బొగ్గు కంపెనీకి కిరాయి కార్లు పెట్టే కాంట్రాక్టరు మనిషి. మొదటి షిఫ్టు స్టాఫును తెల్లారకముందే ఓపెన్‌కాస్టు గనికి చేర్చే బండ్లను ముందురోజు సాయంత్రమే చూసి పోతాడు. లైట్లు మసకగా ఉంటే మరునాడు ఆ బండికి డ్యూటీ లేదు. ఇంకోసారి గట్ల కనబడితే ఏడాది కిరాయి ఉపేందర్ బండికి రాసిస్తానని గట్టయ్య మొహం మీదే చెప్పాడు.

ఆ కిరాయి పోతే గట్టయ్యకు పరువు పోయినట్టే. బొగ్గు బాయి నుంచి రిటైరయ్యాక ఇంట్లో కూచోవడం అతని వల్ల కాలేదు. పాత ఇండికా కొన్నాడు. కోడి కూయకముందే డ్యూటీకి బయలుదేరుతుంటే తానింకా బాయి మనిషినే అన్న ధీమా ఉంటుంది.

మహబూబ్ లైటు చుట్టూ టేపు అంటించి, నీళ్ళు చల్లి, గరుకు పేపరుతో మొదలుపెట్టి నున్నటి పేపరు దాకా ఓపిగ్గా రుద్దాడు.

“బండిని ఎండకు పెడ్తున్నవా అన్నా?”

“రేకుల కిందనే పెడ్తున్న. నువ్వు చెప్పినట్టే లైట్లకు గుడ్డ తొడుగులు గూడ కుట్టింది మా ఇంటామె. పొద్దుగాల కడిగేది గూడ ఆమెనే. నాకైతే ఐలవ్వ మీద అనుమానం.”

“ఐలవ్వ ఎవరు?”

“మా పక్కింటామె. మిర్చీలేసి అమ్ముతది. బొగ్గుల పొయ్యి. ఆ పొగంత నా లైట్లకే పడుతుండొచ్చు.”

“పొగకు గింత మసక రాదన్నా.” మహబూబ్ కాస్త తటపటాయించి, “కండ్లు గిట్ల చూపిచ్చుకున్నవా?” అన్నాడు.

“నువ్వు గూడనా! ముప్పై నాలుగేండ్లు నెత్తిమీది లైటుతోని బాయిల దిగిన. నాకు చీకటి కొత్తనా?”

‘నువ్వు గూడనా’ అనడానికి కారణం ఉంది. నెల కిందట మునిమాపు వేళ కాసిపేట నుంచి వస్తూ బండిని తీసుకెళ్ళి కల్వర్టు రాయికి కొట్టాడు. పక్కన కూచున్న అతని భార్య మల్లక్క నుదురు బొప్పి కట్టింది. “కండ్ల దవాఖానకు పోదాం పా,” అందామె. లైట్లు మసక అయితే కండ్లనంటావా అని గట్టయ్య రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు మల్లక్కే దిగొచ్చింది. “నిజమే, లైట్లదే తప్పు,” అని ఒప్పుకుంది. మళ్ళీ కళ్ళ ఊసెత్తలేదు సరికదా, మర్నాటి నుంచి బకెట్టు పట్టుకొని బండి కడిగే పని కూడా తనే మీదేసుకుంది.

మహబూబ్ పాలిష్ పట్టి మైనం రుద్దేసరికి లైట్లు కొత్తవాటిలా మెరిశాయి. ఆ సాయంత్రం శివ తలూపి పోయాడు. వారం రోజులు డ్యూటీ నడిచింది.

ఎనిమిదో రోజు సాయంత్రం శివ వచ్చేసరికి మల్లక్కే ఎదురెళ్ళి తొడుగులు తీసింది. లైట్లు పాలు పోసినట్టున్నాయి.

“ఇగ నాతోని కాదు కాకా,” అన్నాడు శివ. “రేపు పొద్దటి నుంచి ఉపేందర్ వస్తడు.”

“అయ్యో, గిట్లెట్లాయె!” అంది మల్లక్క. వాడకట్టంతా విన్నది.

గట్టయ్య మరునాడు మహబూబ్ షాపు మీదికి యుద్ధానికి పోయాడు. తిట్లన్నీ అయ్యేదాకా ఆగి, మహబూబ్ లైటు అంచు సందులో గోరు పెట్టి గీకాడు. గోటికి బూడిదరంగు పొడి అంటింది.

“ఇది ఎండకొచ్చిన మసక కాదన్నా. ఎండకైతే పసుపుపచ్చగైతది. ఇవి గీతలు. గుండ్రంగ ఉన్నయ్ సూడు. బొగ్గుల బూడిదతోని గిన్నె తోమినట్టు ఎవరో తోమిన్రు.”

గట్టయ్య నేరుగా ఇంటికొచ్చి మల్లక్కను నిలదీశాడు.

“బండి లైట్లు బూడిదతోని తోమినవా?”

“తోమిన,” అంది మల్లక్క అమాయకంగా. “గిన్నెలు మెరుస్తయి గద. అవి గూడ మెరుస్తయనుకున్న.”

“అది గాజు కాదే, ప్లాస్టిక్! గీతలు పడ్తయ్!”

“నాకేమెరుక?” అంటూ మల్లక్క కొంగుతో కళ్ళు అద్దుకుంది.

బొగ్గు ఊళ్ళో పుట్టి పెరిగిన ఆడమనిషి మరేం చేస్తుంది? కంపెనీ క్వార్టర్లో ఉన్నన్నాళ్ళూ, కంపెనీ ఇచ్చిన బొగ్గు మీద వండి, ఆ బూడిదతోనే ఇత్తడి బిందెలు తళతళలాడించింది. గట్టయ్య కోపమంతా దిగిపోయి జాలి మిగిలింది. తన కోసమే కదా, పిచ్చిది, రోజూ పొద్దున్నే లేచి అంత కష్టపడింది అనుకున్నాడు.

“పోనీ తియ్. పగటి కిరాయిలు నడుపుకుందాం.”

“గదే మంచిది,” అంది మల్లక్క. లోపలికి పోయి గ్యాసు పొయ్యి ముట్టించి, అల్లం వేసి చాయ్ పెట్టింది. గట్టయ్య రెండు కప్పులు తాగి, చాలా రోజుల తర్వాత నిశ్చింతగా మంచమెక్కాడు.

మల్లక్క ఖాళీ డాల్డా డబ్బా పట్టుకొని పక్కింటికి పోయింది. ఐలవ్వ మిర్చీలకు పిండి కలుపుతోంది. డబ్బా చూసి, “రేపటికి గూడ బూడిద తీసి పెట్టాల్నా అక్కా?” అని అడిగింది.

“వద్దు ఐలవ్వా, ఇగో నీ డబ్బా. ఆ చీకటి కిరాయి పోయింది.”