ఉయ్యాల కింద నేల

సూర్యాపేటలోని ఆ చిన్న పార్కులో, ఉయ్యాల దగ్గరికి ఉరికిన ఆరేళ్ల తార అంతే వేగంగా వెనక్కి వచ్చింది.

“అమ్మా, గా తాత నేలతోని మాట్లాడుతుండు.”

సౌమ్య వెళ్లి చూసింది.

మాసిన ధోవతి కట్టుకున్న ముసలాయన ఉయ్యాల కింద బోర్లా పడుకుని, చెవి మట్టికి ఆనించి ఉన్నాడు. మధ్యమధ్యలో “ఊఁ... ఊఁ” అంటున్నాడు, లోపలి నుంచి ఎవరో చెప్తుంటే వింటున్నట్టు.

“ఏం చేస్తున్నవ్ తాతా? పిల్లలు బుగులు పడుతుండ్రు.”

ఆయన తల ఎత్తలేదు.

“లోపట మట్టి జారుతుంది బిడ్డా. గీ ఉయ్యాల ఎవ్వల్ని ఎక్కనియ్యకు.”

సౌమ్య తార చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లిపోయింది.

మర్నాడూ అక్కడే ఉన్నాడు. ఆ మర్నాడూ.

తార కనబడితే చాలు, ఇక చూపు తిప్పుకునేవాడు కాదు. అదే సౌమ్యను ఎక్కువ భయపెట్టింది. వాచ్‌మన్ బీరన్నకు చెప్పింది.

“పిచ్చోడమ్మా. నెల రోజుల సంది గిదే పరేషాన్.”

బీరన్న ఆయన రెక్క పట్టి గేటు బయటికి నెట్టాడు.

“మున్సిపాలిటీ సార్లకు చెప్పిన, ఎవ్వరు ఇనలే. నువ్వన్న ఇను బీరన్నా...”

బీరన్న గేటు వేసేశాడు.

మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు సాయంత్రం తెరిపిచ్చింది.

గాలి లేదు. చెట్ల ఆకు కదలడం లేదు. ఖాళీ ఉయ్యాల మాత్రం సన్నగా ఊగుతోంది.

సౌమ్యతో పార్కుకు వచ్చిన తార ఉరికి ఎక్కి కూర్చుంది.

“దిగు బిడ్డా!”

ముసలాయన గేటు తోసుకుని ఉరికొచ్చాడు. తారను గుంజి, దూరంగా గడ్డిలోకి విసిరేశాడు.

“నా బిడ్డను సంపుతుండు!”

సౌమ్య రెండు చేతులతో ఆయన్ని బలంగా నెట్టింది.

ఆయన ఉయ్యాల కింద పడ్డాడు.

నేల మెత్తగా కుంగింది. ఉయ్యాల, ఇనుప స్తంభాలు, మనిషి... ఏవీ లేవు. గుండ్రటి చీకటి మాత్రం మిగిలింది. అడుగున ఎక్కడో నీళ్ల చప్పుడు.

శవం బయటికి వచ్చేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది.

పెన్‌పహాడ్ నుంచి ఆయన చెల్లెలు ముత్తమ్మ వచ్చింది. ఏడవలేదు. గుంత అంచున కూర్చుని, తడి మట్టిని చేత్తో నిమిరింది.

సౌమ్య ఆమె పక్కన కూలబడింది.

“అమ్మా, గీడ బావి ఉన్నదని ఆయనకెట్ల తెల్సు?”

“మా మట్టయ్య అన్న బిడ్డ పడి సచ్చిపోయింది గీ బావిలనే. గప్పుడు దానికి ఆరేండ్లు.”

ముత్తమ్మ చేతికంటిన మట్టిని కొంగుకు తుడుచుకుంది.

“మున్సిపాలిటోళ్లు బావి పూడుస్తమంటే నమ్మి, పేటల పిల్లలందరు ఆడుకోవాలెనని గీ పార్కు జాగ మొత్తం రాసిచ్చింది మా అన్ననే.”