ఐదో పేరు

బుధవారం మధ్యాహ్నం ఆఫీసు మెట్ల మీద సుప్రియ కాలు మడతపడింది.

నొప్పి సుప్రియకు. గుండె జారింది మాత్రం పూర్ణిమకు.

గద్వాలలోని ఆ పత్తి విత్తనాల కంపెనీలో పూర్ణిమ ల్యాబు ఇన్‌ఛార్జి. ఆదివారం వనపర్తిలో కంపెనీల మధ్య పది కిలోమీటర్ల పరుగు పందెం. జట్టును కూర్చే పని మేనేజరు ఆమె నెత్తిన పెట్టాడు.

జట్టుకు ఐదుగురు. అందులో ఒక ఆడమనిషి తప్పనిసరి; ఆ చోటు సుప్రియది. ఐదుగురూ గీత దాటాలి. ఒక్కరు ఆగిపోయినా జట్టు మొత్తం పోయినట్టే.

"పోయినేడు మన కంపెనీ పేరే వినబడలే. ఈసారి కప్పు లేకుంట నా రూములకు రావద్దు" అన్నాడు మేనేజరు నవ్వుతూ.

ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా పూర్ణిమకు కూర్చోబుద్ధి కావడం లేదు.

తను పరుగెత్తే మనిషి కాదు; సుప్రియ బదులు ఇంకొకరి కోసం గదిగదీ తిరిగింది. తేజస్విని ఆదివారం ఎవరిదో పెళ్లికి పోవాలంది. ఉమ తనకు ఆయాసమంది.

చివరికి ప్యాకింగ్ హాలు గుమ్మంలో నిలబడింది.

"ఎవరన్నా ఉరుకుతరా?"

విత్తనాలు తూకం వేస్తున్న ఆడవాళ్లు తలలు దించుకున్నారు. చివరి బల్ల దగ్గర ఒక చెయ్యి లేచింది.

"నేనురుకుత మేడం."

నలభై దాటిన మనిషి. కాంట్రాక్టు కూలీ. రోజూ ఎదురుపడే ముఖమే, పేరు మాత్రం పూర్ణిమకు తెలియదు.

"పేరేంది?"

"జోగులమ్మ."

"పది కిలోమీటర్లు. తెల్సా?"

"బస్సు పోతదని దినాం ఉరుకుడే గద మేడం!"

హాలంతా నవ్వింది. పూర్ణిమకు నవ్వు రాలేదు. వేరే దారి లేక కాగితం మీద ఐదో పేరు రాసుకుని, టీషర్టు చేతిలో పెట్టింది.

"మల్ల ఆఖరికి రానంటే నా ఇజ్జత్ పోతది."

"పేరు రాసుకున్నవు గద మేడం. వస్త."

గురు, శుక్ర, శనివారాలు పూర్ణిమ ఆఫీసు ముఖమే చూడలేదు. టీషర్టులకు తగిలించే నంబర్ల కోసం వనపర్తి, బండి కోసం ఒక చోటు, బూట్ల కోసం ఇంకో చోటు. తిన్నది ఒంటికి పట్టలేదు.

ఆదివారం తెలతెలవారుతుండగా కంపెనీ గేటు ముందు బండి ఆగింది. మధు, ప్రేమ్ కుమార్, మరో ఇద్దరు వచ్చి ఎక్కారు.

జోగులమ్మ రాలేదు.

ఫోన్ మోగుతోంది. ఎత్తడం లేదు.

"నేను ముందే అనుకున్న మేడం" అన్నాడు మధు.

పూర్ణిమ అరగంట గేటుకూ రోడ్డుకూ మధ్య తిరిగింది. ఇక లాభం లేదని బండి ఎక్కింది.

వనపర్తిలో దిగేసరికి, పందెం బ్యానరు కింద జోగులమ్మ నిలబడి ఉంది. కూతురి పంజాబీ డ్రెస్సు వేసుకుని, దాని మీద కంపెనీ టీషర్టు తొడుక్కుంది.

"బండెందుకు ఎక్కలే? ఫోనన్న ఎత్తొద్దా? నా పానం తోడేసినవ్!"

"నిన్ననే వచ్చిన మేడం. మా చెల్లె ఇల్లు ఈడనే. నా కోసం బండెందుకని."

అంతకన్నా అడిగే సమయం లేదు. ఈల మోగింది.

మధు, ప్రేమ్ కుమార్ ముందుగానే గీత దాటారు. కొంతసేపటికి మిగతా ఇద్దరూ వచ్చారు.

ఐదో మనిషి జాడ లేదు.

ఎండ ముదురుతోంది. పూర్ణిమ గడియారం చూస్తోంది, రోడ్డు చూస్తోంది, మళ్లీ గడియారం చూస్తోంది. వచ్చేవాళ్లు పలచబడ్డారు. నీళ్లు పంచేవాళ్లు బల్లలు ఎత్తడం మొదలుపెట్టారు.

అప్పుడు కనిపించింది జోగులమ్మ. కుంటుతోంది. మోచేయి గీరుకుపోయి ఉంది, ఒంటినిండా దుమ్ము. అయినా నడవడం లేదు, పరుగెడుతోంది.

గీత దాటి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంది.

"గింత సేపా!" పూర్ణిమ గొంతు లేచింది. "చాతకాకుంటే ముందే చెప్పేదుండె. నాలుగు దినాల సంది సచ్చి చేసిన, అంత గంగల కలిపినవ్!"

చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు.

"తప్పైంది మేడం" అంది జోగులమ్మ రొప్పుతూ.

కుళాయి దగ్గరికి వెళ్లి మోచేయి కడుక్కుంది. టీషర్టు విప్పి, మడత పెట్టి తెచ్చింది.

"ఇది కంపెనీది మేడం. ఉతికియ్యకపోతి, ఏమనుకోకు."

పూర్ణిమ ఆమె ముఖం చూడకుండానే అందుకుంది.

కాసేపటికి మైకులో పేర్లు చదివారు. మూడో బహుమతి దగ్గర తమ కంపెనీ పేరు వినిపించింది. పూర్ణిమ తప్పు విన్నాననుకుంది. సగానికి పైగా జట్లలో ఐదో మనిషి మధ్యలోనే ఆగిపోయాడట.

గిరుక్కున వెనక్కి తిరిగింది. జోగులమ్మ లేదు.

"ఇందాకనే బస్టాండు దిక్కు పోయింది మేడం" అన్నాడు ప్రేమ్ కుమార్.

సోమవారం కప్పు మేనేజరు బల్ల మీద కూర్చుంది. "శెభాష్ పూర్ణిమా!" అన్నాడాయన. ఫొటోలో పూర్ణిమ, నలుగురు మగవాళ్లు ఉన్నారు.

ఆమె అక్కడ నిలవలేకపోయింది. కప్పుతో పాటు వచ్చిన ఐదో పతకం పిడికిట్లో పట్టుకుని ప్యాకింగ్ హాలుకు నడిచింది. 'నోరు జారిన అక్కా' అనాలి. అక్కా అనే పిలవాలి. దారంతా ఆ మాటే అనుకుంటూ వెళ్లింది.

చివరి బల్ల ఖాళీగా ఉంది.

"జోగులమ్మ ఏది చెన్నయ్యా?" అని సూపర్‌వైజరును అడిగింది.

"లేదు మేడం."

"కాలు నొప్పా? సెలవు పెట్టిందా?"

"పనిలకెంచి తీసేసిండ్రు."



"నిన్న పొద్దున గద మన కోసం ఉరికింది! రాత్రికి రాత్రే ఎట్ల తీస్తరు?"

చెన్నయ్య చేతిలోని సంచి కింద పెట్టాడు.

"రాత్రి కాదు మేడం, కాంట్రాక్టరు పదకొండు మందిని శుక్రారం పొద్దుగూకంగనే తీసేసిండు, లిస్టుల మొదటి పేరు జోగులమ్మదే."